హార్ట్ ఫెయిల్యూర్‌తో డిశ్చార్జ్ అయ్యాక నాన్న టాబ్లెట్లు దాచేస్తున్నారు, ఎలా వేయించాలి?

నాన్నకి 72, గుండె పంపింగ్ 30 శాతమే అన్నారు, రోజుకి ఎనిమిది రకాల టాబ్లెట్లు ఇచ్చారు, వేసుకున్నా అంటారు కానీ దిండు కింద దొరుకుతున్నాయి అని రాశారు కదా. మర్చిపోవడం వేరు, దాచడం వేరు అండి. దాస్తున్నారంటే అలారంలు, యాప్‌లతో పెద్దగా పని జరగదు. ముందు ఆ దిండు కింద దొరికేవి ఏ టాబ్లెట్లో పేర్లు చూడండి, అన్నీనా లేకపోతే ఎప్పుడూ అవే ఒకట్రెండా? నాకు తెలిసి పెద్దవాళ్ళు అన్నీ మానరు, ఏదో ఒకదాని మీద కోపం ఉంటుంది, దానికో కారణం కూడా ఉంటుంది, అది మనకి చెప్పరు అంతే.

మా అత్తమ్మ (మేం హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉంటాం) మానేసింది నీళ్ళ మాత్ర, అదే లాసిక్స్. మిగతావన్నీ బుద్ధిగా వేసుకునేది. హాస్పిటల్ వాళ్ళు పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని రాశారు, రాత్రిది వేసుకుంటే నిద్రలో నాలుగైదు సార్లు లేవాలి, బాత్రూం హాల్ దాటి అవతల, మోకాళ్ళ నొప్పులు, ఒకసారి తడిలో జారబోయింది కూడా. మా ఆయన అరిచినప్పుడల్లా "వేసుకున్న బిడ్డా" అనేది. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు మెల్లగా అడిగితే "రాత్రంత లేసుడంటే పానం పోతుంది, పడితే తుంటి విరుగుతది, మంచాన పడితే ఎవరు చేస్తరు" అంది. నిజమే కదా, ఆమె లెక్క ఆమెకుంది. రివ్యూలో డాక్టర్‌కి ఇదే మాట చెప్తే ఆయన ఏమీ అనకుండా రాత్రిది తీసి సాయంత్రం నాలుగింటికి మార్చారు. లాసిక్స్ గంటలోపే మొదలై ఓ ఆరు గంటల పాటు పనిచేస్తుందట, నాలుగింటికి వేస్తే పడుకునే టైంకి అయిపోతుంది. అప్పటినుంచి ఆ గొడవే లేదు. నాగోల్ వైపు ఏదైనా ఫంక్షన్ హాల్లో పెళ్ళి ఉంటే మాత్రం అడిగేది, ఇవాళ వద్దు అని, దానికి కూడా డాక్టర్ చెప్పింది ఏంటంటే మానకండి, ఇంటికి వచ్చాక వేసుకోండి అని. మీరు మీ డాక్టర్‌ని అడిగే చేయండి, అందరికీ ఒకేలా ఉండదు.

రెండోది డాపాగ్లిఫ్లోజిన్. ఇది మా పక్కింటి అంకుల్ కథ. మెడికల్ షాపులో కుర్రాడు "ఇది షుగర్ గోళీ అంకుల్" అన్నాడు, ఆయనకి షుగర్ లేదు, ఇంక చూడండి, హాస్పిటల్ వాళ్ళు తప్పు రాశారు, షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి అని పక్కన పెట్టేశారు. షుగర్ లేనివాళ్ళకి కూడా హార్ట్ ఫెయిల్యూర్‌లో ఇస్తారు అది, 2019లో వచ్చిన డాపా హెచ్ఎఫ్ స్టడీలో షుగర్ ఉన్నా లేకపోయినా లాభం కనిపించింది. ఈ ఒక్క ముక్క డిశ్చార్జ్ రోజు చెప్పుంటే సరిపోయేది. కాకపోతే వాంతులు విరేచనాలు పట్టుకుని ఏమీ తినలేని రోజుల్లో దాన్ని ఆపాలా అని డాక్టర్‌కి ఫోన్ చేయాలి, యూరిన్ దగ్గర దురద, మంట వచ్చినా చెప్పాలి.

బీపీ సంగతి కూడా ఇలాంటిదే. ఇంట్లో మెషీన్ ఉందంటే ఇంక అయిపోయింది, 100/70 కనపడగానే "బీపీ తక్కువే ఉంది, మళ్ళీ బీపీ గోళీ ఎందుకు" అని మెటోప్రొలాల్, సాక్యుబిట్రిల్ వల్సార్టాన్ (ఇది ఒకే గోళీ) రెండూ ఎత్తేస్తారు, పక్కింటివాళ్ళు కూడా అవునవును అంటారు. అవి ఇక్కడ బీపీ తగ్గించడానికి ఇవ్వట్లేదు, ముసలి ఎద్దుకి బండి మీద బస్తాలు దించినట్టు గుండెకి బరువు తగ్గించడానికి ఇస్తున్నారు. లేచినప్పుడు కళ్ళు తిరిగితే మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి, అయినా తిరుగుతుంటే డాక్టర్ డోస్ తగ్గిస్తారు, లేదా రెండూ ఒకేసారి కాకుండా టైం మారుస్తారు. మెటోప్రొలాల్ మాత్రం ఒక్కసారిగా మానకూడదు. పళ్ళు లేవని రోట్లో నూరి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, ఎక్స్ఎల్ అని రాసున్న వాటిని అస్సలు నూరకండి, రోజంతా మెల్లగా విడుదల అవ్వాల్సిన మందు మొత్తం ఒకేసారి దిగిపోతుంది.

ఇంక డబ్బుల విషయం. పెద్దవాళ్ళు ఇది నోరు తెరిచి చెప్పరు. రెండు పూటలు వేయాల్సిన ఖరీదైన టాబ్లెట్‌ని ఒక పూటే వేసి నెలని రెండు నెలలు లాగుతారు. సాక్యుబిట్రిల్ మీద పేటెంట్ 2023లో అయిపోయాక మన దగ్గర చాలా కంపెనీలవి వచ్చాయి, రేటు బాగా తగ్గింది, పాత బ్రాండే రాసుంటే చవకది రాయమని అడగండి, సిగ్గుపడాల్సిందేం లేదు. జన్ ఔషధి షాపుల్లో మామూలు గుండె మందులు చాలా దొరుకుతాయి. ఇంకోటి, షీట్లు కొన్ని పది, కొన్ని పద్నాలుగు, కొన్ని పదిహేను, అందుకే అన్నీ ఒకే రోజు అయిపోవు, ముందు అయిపోయింది "ఎట్లాగూ ఆదివారం కోఠి పోతాం కదా" అని ఆగిపోతుంది, అలా వారం ఖాళీ పడుతుంది. మేం అన్నీ ఒకే తేదీకి కొంటాం, మిగిలినవి లెక్కపెట్టి తక్కువైనవే తెస్తాం.

ఇది మాత్రం అర్జెంట్‌గా చూడండి. హాస్పిటల్‌కి పోకముందు వాడిన పాత టాబ్లెట్లు ఇంకా ఇంట్లో ఉన్నాయా? మాకిచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో కొత్తవి రాశారు కానీ పాతవి ఆపమని ఎక్కడా లేదు (ఏ హాస్పిటలో చెప్పను, మిగతా ట్రీట్‌మెంట్ బాగానే చేశారు). ఇంట్లో ఆల్డాక్టోన్ పాతది ఉంది, కొత్తగా లాసిలాక్టోన్ ఇచ్చారు, దాన్లో లాసిక్స్‌తో పాటు అదే మందు కలిసి ఉంటుంది, అంటే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. పొటాషియం పెరిగిపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు. సాక్యుబిట్రిల్ మొదలుపెట్టిన వాళ్ళు పాత బీపీ గోళీలు ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి అసలు కలిపి వేసుకోకూడదు, మధ్యలో 36 గంటల గ్యాప్ ఉండాలి. లో సోడియం ఉప్పులో, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, అందుకే అవి కూడా రోజూ డాక్టర్‌ని అడక్కుండా వద్దు. మోకాళ్ళ నొప్పికి షాపులో ఇచ్చే డైక్లోఫినాక్, బ్రూఫిన్ లాంటివి ఒంట్లో నీరు ఆపేస్తాయి, గ్యాస్ అని తాగే ఈనోలో సోడియం ఉంటుంది. ఆవకాయ గురించి నేను చెప్పాల్సిన పని లేదు.

శనివారం ఒక్కపొద్దు ఉంటే మా అత్తమ్మ గోళీలు కూడా మానేసేది, ఖాళీ కడుపుతో వద్దంటారని. ఏవి తిన్నాకే వేయాలి, ఏవి తినకపోయినా పర్లేదు అని డాక్టర్‌తో చీటీ మీదే రాయించుకున్నాం, ఆమె మా మాట కన్నా ఆ చీటీ మాటే వింటుంది.

గోళీల డబ్బా విషయానికి వస్తే వారం గడులు ఉన్నది కోఠి వైపు సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. టాబ్లెట్లు షీట్‌లోంచి తీయకుండా కత్తెరతో ముక్కలు కత్తిరించి గడుల్లో వేయండి, గాలి తగలదు, ఏది ఏదో పేరు కూడా కొంతవరకు తెలుస్తుంది. నింపేది ఒక్కరే ఉండాలి, ఇద్దరు నింపితే ఎవరేం వేశారో తెలీదు. సాయంత్రం గోళీ మా ఇంట్లో సీరియల్‌కి ముందు, అది వేసుకుంటే గానీ రిమోట్ ఇవ్వడు మా చిన్నోడు, నేను చెప్తే వినదు గానీ మనవడంటే నవ్వుకుంటూ వేసుకుంటుంది.

మంచిగైపోయింది కదా, ఎకోలో పంపింగ్ పెరిగింది కదా, ఇంక మానొచ్చా అని రేపు మీ నాన్నగారే అడుగుతారు. లండన్‌లో చేసి 2018లో బయటపెట్టిన ట్రెడ్ హెచ్ఎఫ్ అనే స్టడీలో గుండె పెద్దదై మళ్ళీ మామూలైన వాళ్ళకి మందులు మెల్లగా ఆపి చూశారు, ఆరు నెలల్లో 25 మందిలో 11 మందికి తిరగబెట్టింది, ఆపనివాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఆ మందుల మీదే అది బాగుంది మరి.

రోజూ పొద్దున బాత్రూంకి వెళ్ళొచ్చాక టిఫిన్‌కి ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయించండి, ఆయన చేతే రాయించండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్ళ వాపు వచ్చినా, పడుకోవడానికి దిండ్లు ఎక్కువ కావాల్సి వచ్చినా రివ్యూ డేట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నారంటే 108కి చేయడమే. రివ్యూకి మాత్రం దిండు కింద దొరికినవి, ఖాళీ షీట్లు, పాతవి అన్నీ ఒక కవర్‌లో వేసుకుపోండి. నాన్నగారి ముందు "ఈయన వేసుకోవట్లేదు సార్" అని కంప్లైంట్ లాగా కాకుండా "ఈ రెండు ఈయనకి పడట్లేదు, ఏం మార్చొచ్చు" అని అడగండి, అప్పుడు ఆయనే మొదలుపెడతారు చెప్పడం.