లైన్‌లో మావాడి మాట ఎవరూ వినడం లేదు, ఎంబీఏ చేయించాలా?

ప్రశ్న: మేడం, మాది చిత్తూరు. మావాడు బీటెక్ మెకానికల్ చేసి రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరాడు. ఆర్నెల్ల కింద ప్రొడక్షన్ లైన్‌కి లీడర్‌ని చేశారు, కింద ముప్పై మంది. ఎవరూ మాట వినరంటాడు. నోరు లేనివాడు. మా అన్న కొడుకు బెంగళూరులో అందరినీ గదమాయించి పని చేయిస్తాడు. వీణ్ణి మాన్పించి ఎంబీఏ హెచ్‌ఆర్ చేయించాలా, లేక లక్షా ఎనభై వేల ఆన్‌లైన్ లీడర్‌షిప్ కోర్సా? అడ్వాన్స్ అడుగుతున్నారు.

జవాబు: సార్, మీరు అడిగింది కోర్సు గురించే గానీ మీ భయం వేరు, నోరు లేని పిల్లాడు నలుగురి చేత పని చేయించగలడా అని. చేయించగలడు. శ్రీసిటీ నుంచి, రేణిగుంట నుంచి ఇదే ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఇరవై మూడేళ్ల పిల్లాడు తనకంటే పెద్దవాళ్ల మీద, పని తనకంటే బాగా తెలిసినవాళ్ల మీద లీడర్ అయితే మొదట్లో మాట చెల్లదు, అది మామూలే.

అరిస్తే ఆ పూటకి పని జరుగుతుంది, మర్నాడు సగం మంది సెలవు పెడతారు. తిరుమలలో అన్నప్రసాదం వడ్డించే శ్రీవారి సేవకులకి జీతం లేదు, వాళ్ల గ్రూపు లీడర్ మెమో ఇవ్వలేడు, అయినా వరస తర్వాత వరస వడ్డన సాగిపోతుంది. భక్తి వాళ్లను కొండెక్కిస్తుంది, నిజమే, కానీ పని సాగేది ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే చెప్పడం వల్ల, తాము పెట్టింది ఎదుటివాళ్లు తింటుంటే కళ్లారా చూడటం వల్ల.

హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు పిట్స్‌బర్గ్‌లో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. జీతం, సూపర్‌వైజర్ తీరు, పనిచేసే చోటు బాగాలేకపోతే మనిషి విసిగిపోతాడు, బాగుంటే విసుగు తగ్గుతుంది, అంతే. ఉత్సాహం వచ్చేది మాత్రం సాధించానన్న తృప్తి నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి.

మీవాడు ఈ రెండూ చూసుకోవాలి. పుత్తూరు వైపు బస్సు రోజూ లేటైతే అందులో వచ్చే ఆడపిల్లల్ని నిలబెట్టి అడగడం కాదు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో తనే మాట్లాడాలి. టార్గెట్ ఎంతో, ఎందుకో షిఫ్ట్ మొదట్లోనే చెప్పాలి. సోల్డరింగ్ తప్పు పట్టుకున్న ఆపరేటర్‌కి 'గుడ్' అనేసి వెళ్లిపోకుండా "అక్కా, ఇది నువ్వు చూడకపోయుంటే లాటంతా రీవర్క్‌కి పోయేది" అని మేనేజర్ వినేలా చెప్పాలి, తప్పు చేసినవాళ్లకి మాత్రం పక్కకు పిలిచి చెప్పాలి. ఓవర్‌టైమ్ లిస్టులో తనకు నచ్చినవాళ్ల పేర్లే రాశాడంటే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. తక్కువ మాట్లాడే పిల్లలు ఎదుటివాళ్లు చెప్పేది వింటారు కాబట్టి, ఈ పనులు వాళ్లకి బాగా చేతనవుతాయి.

ఆ లీడర్‌షిప్ కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. వీడియోలు, క్విజ్‌లు, చివర్లో పెద్ద పేరున్న ఒక కాగితం. విన్నది మర్నాడే చేసి చూడటానికి మనుషులుండాలి కదా, మీవాడికి ముప్పై మంది ఉన్నారు, పైగా జీతం ఇచ్చి మరీ నేర్పిస్తున్నారు! ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ అంటే మనుషులతో మంచిగా మాట్లాడే ఉద్యోగం అనుకుంటారు చాలామంది, కానీ అందులో హాజరు, పీఎఫ్, ఈఎస్‌ఐ, కాంట్రాక్ట్ లేబర్ రికార్డులే బోలెడు. ఇంకో రెండేళ్లు లైన్ నడిపాక కూడా వాడికే ఇష్టముండి, మంచి కాలేజీలో సీటొస్తే ఎంబీఏ చేయనివ్వండి, ఆ అనుభవం ఇంటర్వ్యూలో అక్కరకొస్తుంది. ఏదో ఒక సీటు కోసమైతే ఉద్యోగం మాన్పించొద్దు.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. "నోరు లేనివాడు" అని నాకే రాశారంటే ఇంట్లో వాడి ముందు ఎన్నిసార్లు అంటున్నారో! నైట్ షిఫ్ట్ చేసి ఇంటికొచ్చిన పిల్లాడికి అన్న కొడుకు గొప్పలు వినిపిస్తే, వాడు ఏ ధైర్యంతో మళ్లీ ఆ లైన్‌లో నిలబడతాడు సార్? అది ముందు ఆపండి. ఈరోజు ఎవరితో ఇబ్బంది అయింది, నువ్వేం చేశావు అని అడిగి, సలహా ఇవ్వకుండా వినండి.

ఆ కోర్సుకి అడ్వాన్స్ కట్టొద్దు. ఇప్పటికే కట్టేసి ఉంటే రీఫండ్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మీవాడి చేత మెయిల్ పెట్టించండి.