నిన్నటి జోడీ, ఇవాళ్టి కోచ్

ఆటల మాస్టారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: నా వయసు 31. పదేళ్లుగా మా ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్‌కు బంతి నడిపించే పాయింట్ గార్డ్‌గా ఆడుతున్నాను. మోకాలు దెబ్బతింది. ఇక ఆడొద్దు, కోచ్‌గా ఉండమంటున్నారు. మొన్నటిదాకా నా పక్కన ఆడినవాళ్లు నా మాట వింటారా అని టెన్షన్‌గా ఉంది. సెర్బియా కోచ్ ఒబ్రాదోవిచ్ కూడా ఇలాగే రాత్రికి రాత్రి కోచ్ అయ్యాడని విన్నాను. నిజమేనా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నిజమే బాబూ. అప్పుడు ఆయన వయసూ 31 ఏళ్లే. కాకపోతే ఆయన అప్పటికి ఇంకా ఆడుతూనే ఉన్నాడు.

జెల్కో ఒబ్రాదోవిచ్‌ది చాచక్ అనే ఊరు. 1960లో పుట్టాడు. సొంతూరి క్లబ్ బోరాట్స్‌లో ఆడి, తర్వాత బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్‌కు వచ్చాడు. మీలాగే గార్డ్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం, 1990లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణం తెచ్చిన యుగోస్లావియా (అప్పట్లో సెర్బియా అందులో భాగం) జట్లలో ఉన్నాడు. అయితే ద్రాజెన్ పెట్రోవిచ్, దివాత్స్, కుకోచ్ ఉన్న జట్టులో ఈయన వైపు చూసేదెవరు?

1991 వేసవిలో రోమ్‌లో జరిగే యూరోపియన్ పోటీల కోసం జాతీయ శిబిరంలో ఉండగా పార్టిజాన్ నుంచి పిలుపు వచ్చింది, కోచ్‌గా రమ్మని. శిబిరం వదిలేసి వెళ్లిపోయాడు. ఆయన లేకుండానే జట్టు రోమ్‌లో స్వర్ణం గెలిచింది. నోటి దగ్గరి ముద్దను వదులుకున్నట్టే కదా! నేనైతే పతకం మెడలో పడ్డాకే వెళ్లేవాణ్ని.

ఇక మీ అసలు భయం సంగతి. నన్ను మా జట్టుకు కోచ్‌ని చేసిన మొదటి వారంలో, నాతో ఒకే చాప మీద పడుకుని టోర్నమెంట్లు తిరిగినవాడు ప్రాక్టీసుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే ‘ఏరా కోచ్!’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు ముగ్గురు ఆలస్యంగా వచ్చారు. ఆ ఏడాదంతా ఆ నవ్వుకు వడ్డీ కడుతూనే ఉన్నాను.

ఒబ్రాదోవిచ్‌కు కలిసొచ్చిందేమిటంటే, పక్కన ఒక పెద్ద దిక్కు ఉంది. అలెగ్జాండర్ నికోలిచ్, అందరూ ‘ప్రొఫెసర్’ అని పిలిచే పెద్దాయన. 1978లో యుగోస్లావియాను ప్రపంచ ఛాంపియన్‌గా నిలిపిన కోచ్. ఆ సీజన్‌లో ఈయనకు సలహాదారుగా ఉన్నాడు. అది మామూలు సీజన్ కాదు. యుగోస్లావియా యుద్ధంలో ఉంది కాబట్టి యూరోపియన్ మ్యాచ్‌లు సొంత గడ్డ మీద ఆడనివ్వలేదు. పార్టిజాన్ మ్యాడ్రిడ్ పక్కనున్న ఫుయెన్‌లబ్రాదా అనే ఊరిని ‘హోమ్’ చేసుకుంది. ఆ స్పెయిన్ జనం వీళ్లను తమ జట్టే అనుకుని కేకలు వేసి ప్రోత్సహించారు. క్వార్టర్ ఫైనల్లో ఒక్క మ్యాచ్ మాత్రం బెల్‌గ్రేడ్‌లో ఆడగలిగారు.

యూరప్ క్లబ్బుల ఛాంపియన్ కప్పు (ఇప్పటి యూరోలీగ్) ఫైనల్ 1992 ఏప్రిల్‌లో ఇస్తాంబుల్‌లో. ఎదుట స్పెయిన్ జట్టు హువెంతూత్ బదలోనా. ఆఖరి సెకన్లలో వాళ్లు బాస్కెట్ వేసి 70-68తో ముందుకెళ్లారు. టైమ్‌అవుట్ లేదు, ఏమీ లేదు. పార్టిజాన్ ఆటగాడు కొప్రివిత్సా బంతి అందించాడు, తోటి ఆటగాడు జోర్జెవిచ్ కుడి పక్క నుంచి పరుగున వెళ్లి, ఆ ఊపులోనే గాల్లోకి లేచి మూడు పాయింట్ల షాట్ కొట్టాడు. 71-70. ఆ వీడియో వెతికి చూడండి. కాళ్లు సర్దుకునే టైమే లేదు వాడికి! మా పిల్లలెవరైనా అలా కొడితే నేను ముందు తిట్టేవాణ్ని, పడ్డాక చప్పట్లు కొట్టేవాణ్ని.

తమాషా ఏమిటంటే, ఒబ్రాదోవిచ్ ఆ ఓడిన బదలోనాకే కోచ్‌గా వెళ్లి 1994లో ఇదే కప్పు గెలిపించాడు. మరుసటి ఏడాది రియల్ మ్యాడ్రిడ్‌తో, ఆ తర్వాత ఏథెన్స్‌లోని పానాథినైకోస్‌తో అయిదుసార్లు, 2017లో టర్కీ క్లబ్ ఫెనర్‌బాచేతో. మొత్తం తొమ్మిది, అయిదు క్లబ్బులతో. 2021లో మళ్లీ పార్టిజాన్‌కే వచ్చాడు.

మీకు నేను చెప్పేది: మీ జిల్లాలో ముసలి కోచ్ ఒకాయన ఉండే ఉంటాడు, ఎవరూ పలకరించక కుర్చీలో కూర్చుని ఉంటాడు. టీ తాగిద్దామని పిలవండి. ఇక మొదటి రోజు ఆలస్యంగా వచ్చినవాడు మీ ప్రాణస్నేహితుడైనా సరే, వాడిచేతే గ్రౌండ్ చుట్టూ రౌండ్లు వేయించండి.

ప్రశ్న: ఇదే ఒబ్రాదోవిచ్ టైమ్‌అవుట్‌లో ముఖం కందగడ్డలా చేసుకుని అరవడం వీడియోల్లో చూశాను. మా అబ్బాయి కోచ్ కూడా అంతే. మాన్పించాలా?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: తొందరపడకండమ్మా. ఆయన అరుపులు తిన్నవాళ్లు పారిపోలేదు. లిథువేనియాకు చెందిన షారూనాస్ యాసికెవిచ్యుస్ పానాథినైకోస్‌లో ఆయన దగ్గర ఆడి 2009లో కప్పు గెలిచాడు. తానూ కోచ్ అయి, 2025లో ఫెనర్‌బాచేను యూరప్ ఛాంపియన్ చేశాడు. ఒబ్రాదోవిచ్ దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉన్న దిమిత్రిస్ ఇతూదిస్ 2016 ఫైనల్లో గురువు జట్టునే ఓవర్‌టైమ్‌లో ఓడించాడు.

మీ అబ్బాయి ఇంటికొచ్చి ఏం చెబుతున్నాడో వినండి. ‘స్క్రీన్ (ప్రత్యర్థికి అడ్డంగా నిలబడటం) ఆలస్యంగా పెట్టానని సార్ అరిచారు’ అంటే పంపించండి. ‘ఎందుకు తిట్టారో తెలీదు’ అని రోజూ అంటుంటే వేరే గ్రౌండ్ చూసుకోండి. చెయ్యి చేసుకుంటే ఆ పూటే మాన్పించండి.

ప్రశ్న: ఆయన పేరు జెల్కోనా, జెలికోనా?
- ఇంటర్ విద్యార్థి, కర్నూలు

జవాబు: రెండూ కాదు. మొదటి అక్షరం ‘ట్రెజర్’ అన్నప్పుడు చివర్లో పలికే ‘జ’. ‘ల’ను కాస్త మెత్తగా, ‘ల్య’కు దగ్గరగా పలకాలి. ఆ ‘జ’ మనకు అక్షరాల్లో లేదు కాబట్టి జెల్కో అని రాసుకుంటున్నాను. ఆయన వచ్చి సరిదిద్దేదాకా ఇదే.