గంగిరెద్దు చేత మాట్లాడిస్తారట!

చిట్టీ,

నీ మెయిల్ చదివాను. ఆ స్టూడియో వాళ్లు పంపిన నాలుగు పేజీల ప్రతిపాదన కూడా చదివాను. నీ గంగిరెద్దు పుస్తకాన్ని టీవీ సీరీస్‌గా తీస్తామని వాళ్లంతట వాళ్లే అడిగారని తెలియగానే మీ పెద్దమ్మ వీధిలో సగం మందికి చెప్పి వచ్చింది. నాకూ సంతోషమే. కానీ మెయిల్ చివర "అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి పెదనాన్నా, సరే అనేయనా?" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. గంగిరెద్దు మీద పుస్తకం వేసినదానివి, నువ్వే గంగిరెద్దులా తలూపితే ఎలాగమ్మా?

ఇరవై ఎనిమిదేళ్లు స్టోరీబోర్డు బల్ల ముందు, అంటే యానిమేషన్ కథను షాటు షాటుగా ముందే గీసే పనిలో, కూర్చున్నవాణ్ని. అందులో చాలా భాగం పరాయి పనే. అక్కడెక్కడో డిజైన్లు తయారయ్యేవి, మేం హైదరాబాద్‌లో కూర్చుని గీసి పంపేవాళ్లం. వాటిలో బొమ్మల పుస్తకాల నుంచి తీసినవీ కొన్ని ఉండేవి. పుస్తకం ఎక్కడ బతుకుతుందో, ఎక్కడ ఊపిరి పోతుందో దగ్గర నుంచి చూశాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ముందు లెక్క చూడు. నీ పుస్తకం 32 పేజీలు. టైటిల్, ప్రచురణ వివరాలు తీసేస్తే బొమ్మలకు మిగిలినవి పధ్నాలుగు స్ప్రెడ్లు, అంటే ఎదురెదురు పేజీల జతలు. ఎంత నిదానంగా చదివినా ఆరు నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లు తీస్తామంటున్నవి ఒక్కోటి 11 నిమిషాల చొప్పున 26 ఎపిసోడ్లు. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన ఒక్క ఎపిసోడ్‌కే 16,500 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 8,250 బొమ్మలు కావాలి. నువ్వు రెండేళ్లు కూర్చుని గీసినవి పధ్నాలుగు. తెర మీద కనబడేదాంట్లో నీ చేతి గీత దాదాపు ఉండదని ఇప్పుడే మనసుకి చెప్పుకో. కథ కూడా అంతే. నీ కథ మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోతుంది. మిగతా పాతిక ఎపిసోడ్లకి నీ పుస్తకం నుంచి ఏం వెళ్తుంది?

నా జవాబు ఒకటే. నీ పుస్తకం ఏం చెయ్యదో అది వెళ్లాలి. ఏం చేస్తుందో ఎవరైనా కాపీ కొట్టగలరు. ఏం చెయ్యకుండా పట్టుబట్టి కూర్చుందో అదే దాని ప్రాణం. సంతకం పెట్టేముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఆ "చెయ్యనివి" రాయి. అయిదారు కంటే ఎక్కువ రావు, రాకూడదు కూడా.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఇంగ్లండ్‌లో లారెన్ చైల్డ్ అనే ఆవిడ చార్లీ, లోలా అనే అన్నాచెల్లెళ్ల మీద బొమ్మల పుస్తకాలు వేసింది. మొదటిది 2000లో వచ్చింది. అన్నం దగ్గర పేచీ పెట్టే చెల్లెలికి అన్న క్యారెట్లను గురుగ్రహం నుంచి వచ్చినవని, బఠాణీలను గ్రీన్‌లాండ్ నుంచి రాలిపడ్డ ఆకుపచ్చ చుక్కలని చెప్పి తినిపిస్తాడు. సీరీస్ మొదలయ్యేనాటికి అలాంటివి మూడే పుస్తకాలు. ఆ మూడింటి మీద 2005 నుంచి 2008 దాకా బీబీసీ వాళ్ల చిన్నపిల్లల ఛానెల్‌కి 78 ఎపిసోడ్లు తీశారు! ఎలా సాగింది అంటావా? పుస్తకంలో అమ్మానాన్నలు కనబడరు. సీరీస్‌లోనూ అన్ని ఎపిసోడ్లలో ఒక్కసారి కూడా కనబడరు. ఇంట్లో వాళ్లున్నారని తెలుస్తూనే ఉంటుంది, తెర మీదికి మాత్రం రారు. దాంతో చెల్లెలి ప్రతి గొడవా అన్నే తీర్చాలి. ఆ ఒక్క "చెయ్యను" నుంచే అన్ని కథలూ పుట్టాయి. పెద్దవాళ్లు వచ్చి సర్దేస్తే కథ రెండు నిమిషాల్లో ముగిసిపోదూ? కొత్త పాత్రలు వచ్చాయి, లోలాకి లోట్టా అనే స్నేహితురాలు, చార్లీకి మార్వ్ అనే స్నేహితుడు, అతనికో కుక్క. రానీ. వాళ్లెవరూ ఆ నియమం జోలికి వెళ్లలేదు.

బొమ్మల సంగతీ అంతే. ఆవిడ పుస్తకాల్లో గుడ్డముక్కలు, ఫోటోలు, కాగితాలు కత్తిరించి అంటించినట్టుంటాయి. వాటిని గుండ్రంగా, నున్నగా త్రీడీలోకి మార్చెయ్యలేదు. కటౌట్ బొమ్మల్లాగే, బల్లపరుపుగానే కదిలించారు. అందుకు తగిన సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నారు. మీ వాళ్లు ప్రతిపాదనలో "నాణ్యమైన త్రీడీ" అని లావు అక్షరాలతో రాశారు. నీ ఎద్దేమో కలంకారీ గుడ్డ మీద అద్దినట్టు ఒక పక్క నుంచే కనబడుతుంది. దాని రెండో పక్క ఎలా ఉంటుందో నీకు తెలుసా? నువ్వెప్పుడూ గీయలేదు కదా. స్టూడియోలో మొదటి రోజే టర్న్-అరౌండ్ షీట్ అడుగుతారు, అంటే ముందు, పక్క, వెనక, అన్ని వైపుల నుంచీ అదే పాత్ర. డచ్ ఆయన డిక్ బ్రూనా 1955లో మిఫీ అనే కుందేలుపిల్లను మొదలుపెట్టాడు. పుస్తకాల్లో ఆ కుందేలు ఏం చేస్తున్నా మొహం మాత్రం చదివే పిల్ల వైపే పెట్టి చూస్తూ ఉంటుంది. 2015లో దాన్ని త్రీడీ సీరీస్‌గా చేశారు. త్రీడీ బొమ్మ అన్నాక అటూ ఇటూ తిరగక తప్పదు. పిల్లలకు నచ్చింది, కాదనను. నాకు మాత్రం ఆ చూపు పోయినట్టే అనిపిస్తుంది. ముసలాడి చాదస్తం అనుకో. మా దగ్గర ఒకసారి ఇలాగే ఒక పుస్తకం బొమ్మకి వెనక వైపు గీసి పంపితే, రచయిత్రి చూసి "ఈమె ఎవరో నాకు తెలియదు" అని ఒక్క ముక్క రాసింది. వారం రోజుల పని చెత్తబుట్టలోకి పోయింది. తప్పు ఆమెది కాదు.

ఇక అసలు గొడవకి వద్దాం. ఎద్దు మాట్లాడాలి అంటున్నారు.

వాళ్లను తిట్టకు. టీవీ వాళ్లకి మాట్లాడని హీరో అంటే భయం, ఛానెల్ వాళ్లకి ఇంకా భయం. దీనికి రెండు రకాల దాఖలాలున్నాయి, రెండూ నీకు తెలిసి ఉండాలి. క్లిఫర్డ్ అని ఒక పెద్ద ఎర్ర కుక్క, 1963 నాటి అమెరికా పుస్తకం. 2000లో టీవీ సీరీస్ చేసినప్పుడు దానికి మాటలిచ్చారు, కానీ కుక్కలు తమలో తాము మాట్లాడుకుంటాయి, మనుషులకు మాత్రం మొరుగుడే వినబడుతుంది. తెలివైన సర్దుబాటు. 2019లో మళ్లీ తీసినప్పుడు ఆ గట్టు కూడా తెంచేశారు, కుక్క తనను పెంచుకునే పిల్లతోనే నేరుగా మాట్లాడేస్తుంది. రెండో వైపు క్యూరియస్ జార్జ్ అనే కోతిపిల్ల, 1941 పుస్తకం. 2006లో టీవీకి వచ్చినప్పుడు ఆ కోతికి ఒక్క మాట కూడా ఇవ్వలేదు. కూతలు, కిచకిచలు అంతే. కథ చెప్పడానికి వెనక ఒక గొంతు పెట్టారు. ఏళ్ల తరబడి నడిచింది. కాబట్టి "మాట్లాడకపోతే పిల్లలు చూడరు" అని ఎవరైనా అంటే, ఈ కోతి పేరు చెప్పు.

నీ పుస్తకానికైతే ఇది ఇంకా ముఖ్యం. ఎద్దును ఇంటింటికీ తిప్పే సన్నాయాయన "అయ్యగారికి దండం పెట్టు", "అమ్మగారు చల్లగుండాలా" అంటూ ఉంటే ప్రతి గుమ్మం దగ్గరా ఎద్దు తలూపుతుంది. పన్నెండు స్ప్రెడ్లు తలూపుతుంది. పదమూడో స్ప్రెడ్‌లో ఊపదు. అంతే కదా నీ కథ! మాటలొచ్చిన ఎద్దు "నేను ఊపను" అనేస్తుంది. అలా అన్నాక పదమూడో స్ప్రెడ్‌తో పనేముంది?

ఆ స్ప్రెడ్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పోట్లాట అంతా అక్కడే జరుగుతుంది. పుస్తకంలో పేజీ తిప్పేది పిల్ల చెయ్యి. తిప్పే ముందు ఆ అరక్షణం "ఇప్పుడూ ఊపుతుందా?" అనుకుంటుంది. టీవీలో ఆ చెయ్యి లేదు. ఎప్పుడు తిప్పాలో మనం నిర్ణయిస్తాం. ఆ అరక్షణాన్ని శబ్దంతో కట్టాలి. పన్నెండు సార్లు సన్నాయి, తల ఊపు, మెడలో గంట, ఆ వరసలోనే చెవికి అలవాటు చెయ్యి. పదమూడోసారి సన్నాయి వస్తుంది, గంట రాదు. అక్కడ మూడు సెకన్లు, కుదిరితే నాలుగు, ఏమీ జరగకూడదు. బొమ్మను పూర్తిగా ఆపేస్తే టీవీ పాడైందనుకుంటారు, చచ్చిన బొమ్మలా ఉంటుంది. అందుకని తల కదలకుండా ఊపిరికి డొక్క ఒకసారి లేచి దిగాలి, ఒక చెవి ఈగను తోలాలి. మేం దీన్ని మూవింగ్ హోల్డ్ అంటాం. స్టోరీబోర్డు వేసేవాడికి ముందే చెప్పి యానిమాటిక్‌లో, అంటే ఆ స్టోరీబోర్డు బొమ్మలను టైం ప్రకారం నడిపి చూసే కచ్చా వీడియోలో, ఆ నాలుగు సెకన్లు చూపించమను. మాటల్లో ఒప్పుకుంటారు, యానిమాటిక్ దగ్గరకి వచ్చేసరికి కోసేస్తారు. ఒకప్పుడు ఒక తాతగారి సీన్‌లో ఇలాంటి ఖాళీలోనే, పైవాళ్లు విసుక్కుంటారన్న భయంతో, ఒక సీతాకోకచిలుకను ఎగరేశాను. ఎవరూ పెట్టమనలేదు. ఎపిసోడ్ టీవీలో వచ్చినప్పుడు మా చిన్నాడు, అప్పటికి నాలుగేళ్లు, పాపం ఆ తాతగారి మొహం చూడకుండా సీతాకోకచిలుకనే చూశాడు. ఆ సీన్ ఆ తాతగారిదే.

గొంతుల విషయం. కథలో పిల్లకి పిల్ల చేతే మాట్లాడించమని అడుగు. చార్లీ, లోలాలకు నిజం పిల్లలే చెప్పారు. దాంతో కష్టాలున్నాయి, పిల్లలు పెరుగుతారు, గొంతులు మారతాయి, అక్కడా మధ్యలో మార్చాల్సి వచ్చింది. అయినా లాభమే. మన డబ్బింగుల్లో పెద్దవాళ్లు గొంతు సన్నం చేసి "అమ్మా, నేను పాఠశాలకు వెళ్తున్నాను" అంటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఏ ఇంట్లో పిల్ల అలా అంటుంది? సన్నాయాయన మాటను కూడా ఎవరో తీర్చిదిద్దుతారు, "దండం పెట్టు" తీసేసి "నమస్కరించు" అని పెడతారు. ముందే స్క్రిప్టు చూసే హక్కు రాయించుకో.

కాగితాలు. ఇక్కడ నేను వకీలును కాను, ఒక మంచి వకీలుకి చూపించు, ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. నాకు తెలిసినంతవరకు మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. హక్కు తీసుకుని ఏడాదిలో వాడకపోతే, కాగితంలో వేరేలా రాసుకుంటే తప్ప, ఆ బదిలీ రద్దయినట్టే. అందుకే వాళ్లు మూడో పేజీలో చిన్న అక్షరాలతో "శాశ్వతంగా, విశ్వమంతటా" అని రాశారు. విశ్వమంతటా ఎందుకో, గురుగ్రహంలో కూడా ఛానెల్ పెడతారేమో. అది కొట్టేయించు. సీరీస్ నుంచి మళ్లీ పుస్తకాలు వేస్తే ఎవరి పేరుంటుందో కూడా ఇప్పుడే తేల్చుకో. టీవీ స్క్రిప్టుల నుంచి చేసే పుస్తకాలు చాలాసార్లు అసలు రచయిత రాసినవి కావు, "ఫలానావారి పుస్తకాల ఆధారంగా" అని మాత్రం ఉంటుంది. దుకాణంలో పిల్లలకు ఆ తేడా తెలియదు.

బొమ్మలు, టిఫిన్ బాక్సులు, టీషర్టులు అమ్ముకోనీ. దానికి నేను అడ్డు చెప్పను, డబ్బు అక్కడే ఉంది. ఛోటా భీమ్‌కి లడ్డూలా నీ ఎద్దుకి కూడా ప్రతి ఎపిసోడ్‌లో వచ్చేది ఒకటి ఉండాలని తప్పకుండా అంటారు. అది మూపురం మీది బొంత కావచ్చు. ప్రతి ఇంట్లో ఇచ్చిన పాతచీర ముక్క ఒకటి ఆ బొంతకి చేరుతుందనుకో, 26 ఎపిసోడ్లకి 26 ముక్కలు. ఇది ఊరికే తోచింది, నచ్చకపోతే వదిలెయ్.

నీ కాగితం మీద "చెయ్యనివి" రాశాక నాకు పంపు. నా లెక్కలో మొదటివి మూడు. ఎద్దు మాట్లాడదు. ఎద్దు కెమెరాకి వీపు చూపదు. సన్నాయాయన్ను చూసి ఎవరూ నవ్వరు. మిగతావి నువ్వు చెప్పాలి. వాళ్లు వీటికి ఒప్పుకోకపోతే ఇంకో స్టూడియో దొరుకుతుంది, దొరక్కపోతే పుస్తకం పుస్తకంలాగే ఉంటుంది. దానికేం లోటు?

ఆదివారం ఇంటికి రా. పెద్దమ్మ బొబ్బట్లు చేస్తానంటోంది. వచ్చేటప్పుడు ఆ పదమూడో స్ప్రెడ్ అసలు బొమ్మ పట్టుకురా. అచ్చులో ఎద్దు కన్ను పక్కన ఏదో చెరిపినట్టు కనబడుతోంది. ముందు అక్కడ ఏం గీశావో చూడాలి.

మీ పెదనాన్న