మందస కొండ దారులకు ఏ డీజిల్ బండి?

ప్రశ్న: పలాసలో ఉంటూ వారానికి మూడుసార్లు మందస కొండ ఊళ్లకు సరుకుతో వెళ్లాలి. తక్కువలో వచ్చే గట్టి డీజిల్ ఎస్‌యూవీ ఏది?

బరువూ గుంతలూ ముఖ్యమైతే మహీంద్రా బొలెరో. ల్యాడర్ ఛాసిస్ (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం), 1.5 లీటర్ల ఇంజన్, 210 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). తిప్పేది వెనక చక్రాలు కాబట్టి సరుకు బరువు ఎత్తులో పట్టుగా మారుతుంది. బురదలో ఒక చక్రం ఉత్తినే తిరిగే బాధ ఉంటే, బొలెరో నియో పై వేరియంట్‌లోని లాకింగ్ డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే అమరిక) ఆదుకుంటుంది. అది ఫోర్‌వీల్ డ్రైవ్ మాత్రం కాదు, సేల్స్ కుర్రాడు ఏం చెప్పినా సరే. టాటా నెక్సాన్ సుఖమే, కానీ ముందు చక్రాల డ్రైవ్, హైవే బండి.

అసలు తిప్పలు డీపీఎఫ్‌తో. బీఎస్6 (కాలుష్య నిబంధన) డీజిల్ బండి పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ అది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిప్పితే వేడి చాలక మసి కాలదు, జల్లెడ పూడుకుపోతుంది. డ్యాష్‌బోర్డుపై డీపీఎఫ్ లైటు వెలిగితే ఇంజన్ ఆపకుండా ఎన్‌హెచ్ 16 ఎక్కి, 60 పైన వేగంతో, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా 20 నిమిషాలు నడపండి. టెక్కలి వైపు వెళ్లొస్తే సరి.

పాత బండైతే ఛాసిస్‌ను అడుగు నుంచి చిన్న సుత్తితో తట్టండి, ఉప్పుగాలికి తుప్పు పట్టినచోట మొద్దు శబ్దం వస్తుంది. సీటుబెల్టు పూర్తిగా లాగండి. చివర బురద గీత ఉంటే మునిగిన బండే, బేరం వద్దు.