అచ్చు అడ్వెంచర్‌కి డబ్బు పెట్టొచ్చా? కొనేముందు నేనేం చూస్తానంటే

మీరు అడిగింది ఇదీ: స్నేహితులకి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసుకుని, మాటలతో, డైస్‌తో నడిపే కథల ఆట) ఆడిస్తున్నారు, ఇన్నాళ్లూ కథలు మీరే అల్లుకున్నారు, ఇప్పుడు నాలుగు వేలు దాటే అచ్చు అడ్వెంచర్ (ఆడించడానికి సిద్ధంగా రాసిపెట్టిన కథ పుస్తకం) కొనడం దండగా, కొనేముందే దాని సత్తా తెలుసుకునే దారేదైనా ఉందా అని. చాలాకాలంగా డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) కుర్చీలో కూర్చుంటున్నవాడిగా నా మాట ఒక్కటే. కథ చూసి కొనకండి. కథ అల్లడం మీకూ వచ్చు. పైగా ఎంత గొప్ప కథైనా రెండో సెషన్‌కల్లా మీవాళ్లు దాన్ని ఎటో లాక్కుపోతారు. అలా లాక్కుపోయినప్పుడు మీ చేతికి పుస్తకం ఏం అందిస్తుందో, దాని విలువ అంతే.

ఉదాహరణకి 2014 స్టార్టర్ సెట్‌లో వచ్చిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ తీసుకోండి. (ఇది ఆడబోతున్నవాళ్లు ఈ పేరా, తర్వాతి రెండు పేరాలూ దాటేయండి.) అరవై నాలుగు పేజీల పల్చటి పుస్తకం, పాత్రలు ఒకటో లెవెల్ (బలంలో మొదటి మెట్టు) నుంచి అయిదో లెవెల్‌కి ఎదిగేదాకా నడుస్తుంది. మొదట్లోనే గాబ్లిన్లనే పొట్టి రాక్షసుల గుహ ఒకటి. దాని నాయకుడు క్లార్గ్ అనే బగ్‌బేర్, అంటే గాబ్లిన్ల కంటే పెద్ద రాక్షసుడు. అతని కింద రెండో స్థానంలో యీమిక్ అనే గాబ్లిన్. మనవాళ్లు వెతుకుతున్న సిల్డర్ ఈ యీమిక్ చేతిలో బందీ. యీమిక్‌కి నాయకుడైపోవాలని ఆశ. అందుకే బందీని గట్టు అంచుకి ఈడ్చుకొచ్చి, కత్తి దించండి, మాట్లాడుకుందాం అంటాడు. క్లార్గ్ తల తెచ్చిస్తే ఇతన్ని వదిలేస్తానంటాడు. తీరా తల తెచ్చాక మాట తప్పి డబ్బు అడుగుతాడు.

పుస్తకంలో ఇదంతా కొన్ని వాక్యాలే. మా టేబుల్ మీద మాత్రం ఒక సాయంత్రం మొత్తం ఇదే నడిచింది. మా దొంగ పాత్ర ఆడే మిత్రుడు కోఠిలో పాత పుస్తకాలకి బేరమాడినట్టు మొదలుపెట్టాడు: ‘తల తెస్తాం సరే, ముందు మనిషిని సగం దూరం పంపించు.’ మా పురోహిత పాత్రకి అసలు గాబ్లిన్‌తో ఒప్పందమే నచ్చలేదు. ఇద్దరికీ వాదన. నేనేం ప్రిపేర్ కాలేదు, కావాల్సిన అవసరమూ రాలేదు. యీమిక్‌కి ఏం కావాలో, ఎవరంటే పడదో, ఎక్కడ మోసం చేస్తాడో తెలిస్తే చాలు, మిగతా మాటలు వాటంతటవే వస్తాయి. ఒక గదిలో రాక్షసుడు ఉన్నాడని ఎవరైనా రాస్తారు. వాడికేం కావాలో రాసిన పుస్తకానికి నేను డబ్బిస్తాను.

అదే పుస్తకంలో ఇంకోటి కూడా గమనించాను. దారిలో బాణాలు దిగిన గుర్రాల కళేబరాలు కనిపిస్తాయి, అక్కడి నుంచి గుహకి జాడ ఉంటుంది. ఆటగాళ్లు ఆ జాడ పట్టించుకోకుండా తిన్నగా ఊళ్లోకి పోతే? దానికీ జవాబు రాసి ఉంది. ఊళ్లో సరుకుల కొట్టాయన ఆ సంగతి వాళ్ల చెవిన వేస్తాడు. నేను పుస్తకం తిరగేసేటప్పుడు ముందుగా వెతికేది ఈ ‘ఒకవేళ వెళ్లకపోతే’ వాక్యాలనే. అవి లేకుండా పేజీల కొద్దీ ‘అప్పుడు బృందం కోటకి చేరుకుంటుంది, అప్పుడు రాజు వాళ్లని నమ్ముతాడు’ అని సాగితే అది నవల. నవల కావాలంటే నవలే కొనుక్కోవచ్చు, చవక కూడా.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది అదే ఏడాది వచ్చిన ‘హోర్డ్ ఆఫ్ ది డ్రాగన్ క్వీన్’. ఒకటో లెవెల్ పాత్రలు అడుగుపెట్టే ఊరి మీద డ్రాగన్ దాడి జరుగుతూ ఉంటుంది. మొదలు అదిరిపోతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ అధ్యాయం చివర్లో శత్రువుల వీరుడొకడు వచ్చి ఒంటరి పోరుకి పిలుస్తాడు. ఒకటో లెవెల్ పాత్ర వాడి మీద గెలవడం దాదాపు అసాధ్యం. చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. టేబుల్ మీద మాత్రం ముందుకొచ్చిన ఆటగాడికి డైస్ వేసే పని తప్ప ఇంకేం మిగలదు, ఫలితం అంతకుముందే రాసిపెట్టి ఉంది కాబట్టి. చదవడానికి బాగుండటం వేరు, ఆడించడానికి బాగుండటం వేరు అని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఇంక కొనేముందు చేసే పరీక్ష. ప్రివ్యూ పేజీలు ఉంటే మొదటిది వదిలేయండి, దాన్ని అందరూ శ్రద్ధగానే రాస్తారు. మధ్యలో ఏదో ఒక గది తీసి, అరనిమిషం చదివి, పుస్తకం మూసి ఆ గదిని మీ మాటల్లో తెలుగులో చెప్పి చూడండి. చెప్పగలిగితే పుస్తకం పనికొస్తుంది. మనలాంటివాళ్లకి ఇక్కడ ఒక అదనపు ఇబ్బంది ఉంది. చాలా పుస్తకాల్లో డబ్బాలో పెట్టి, డీఎం పైకి చదవాల్సిన పొడుగాటి ఇంగ్లిష్ వర్ణనలు ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు చదివితే అప్పటిదాకా తెలుగులో కేరింతలు కొట్టే టేబుల్ ఒక్కసారిగా క్లాస్‌రూమ్ అయిపోతుంది. అప్పటికప్పుడు తెలుగులో చెబుదామంటే నోరు తడబడుతుంది. గావిన్ నార్మన్ రాసిన ‘వింటర్స్ డాటర్’ లాంటి చిన్న పుస్తకాలు నాకు అందుకే నచ్చుతాయి. గదిలో ఏముందో ముద్దక్షరాల్లో ఒకటి రెండు మాటలు, పక్కనే చిన్న వివరణ, అంతే. కళ్లు ఆ మాట మీద పడతాయి, నోరు తెలుగులో మాట్లాడుతుంది.

డబ్బు సంగతి. అప్పటి పెద్ద హార్డ్‌బౌండ్ల ధర అమెరికాలో 49.95 డాలర్లు, మీరన్న నాలుగు వేల లెక్క అక్కడిదే. నలుగురు పంచుకుని నెలల తరబడి ఆడితే అది పెద్ద ఖర్చేం కాదు. అసలు ఖర్చు డీఎం ఆదివారాలు. ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ 2016లో వచ్చింది, 256 పేజీలు. దానికి మూలమైన 1983 ‘రేవెన్‌లాఫ్ట్’ 32 పేజీలు. పెద్దదానిలో ఊళ్లూ మనుషులూ బోలెడు, కానీ ఎవరికి ఎవరితో పేచీనో గుర్తుంచుకోవడానికి నేను నోటుబుక్ పెట్టుకోక తప్పలేదు. అయినా దానికి పెట్టిన డబ్బు నాకు గిట్టుబాటే. మొదట్లో వేసే జోస్యం కార్డుల్ని బట్టి ముఖ్యమైన వస్తువులు ఎక్కడున్నాయో, విలన్ స్ట్రాడ్‌ని చివరికి ఎక్కడ ఎదుర్కోవాలో మారిపోతుంది. ఇంకో బృందానికి ఆడిస్తే ఆట ఇంకోలా ఉంటుంది.

2018 ‘వాటర్‌డీప్: డ్రాగన్ హీస్ట్’ కూడా మారే ఆటే, కానీ నా లెక్కలో అది వేరే రకం. నలుగురు విలన్లలో ఒకర్ని డీఎం ఎంచుకోవాలి, విలన్‌ని బట్టి కథ జరిగే ఋతువు మారుతుంది. ఒకే బృందం, ఒకేసారి ఆడేవాళ్లకి మిగతా ముగ్గురి కోసం రాసిన పేజీలు చాలావరకు అలాగే ఉండిపోతాయి. వేర్వేరు బృందాలకి ఆడించేవాళ్లకైతే మంచి బేరం. మీకు మాత్రం వద్దంటాను.

మీరు కథలు అల్లుకోగలరు కాబట్టి సంకలనాలు బాగా పనికొస్తాయేమో చూడండి. 2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటాడెల్’లో పదమూడు విడి అడ్వెంచర్లున్నాయి. వాటిలో మిమి మండల్ రాసిన ‘ఇన్ ద మిస్ట్స్ ఆఫ్ మణివర్ష’ బెంగాల్ వాసనతో ఉంటుంది, నదులూ పడవలూ మనకి కొత్తగా అనిపించవు. అక్కర్లేనివి పక్కన పెట్టి, నచ్చినదాన్ని మీ సొంత క్యాంపెయిన్‌లో (సెషన్ల తరబడి సాగే కథలో) దూర్చేయొచ్చు.

అయితే ముందు ఉచితంగా దొరికేవి ఆడించండి. స్కెర్పుల్స్ అనే పేరుతో రాసే ఆయనది ‘టూంబ్ ఆఫ్ ది సర్పెంట్ కింగ్స్’ ఉంది. అందులో తలుపు గడియ ఎత్తగానే పెద్ద సుత్తి ఊగుతూ వచ్చి పడుతుంది. ఆ ఉచ్చు అక్కడ ఎందుకుంది, దాంతో ఆటగాళ్లు ఏం నేర్చుకుంటారు అన్నది కూడా రచయితే డీఎంకి చెబుతాడు. దెయ్యాల కథలంటే ఇష్టమైతే కాల్ ఆఫ్ థుల్హూ అనే ఇలాంటిదే ఇంకో ఆట ఉంది, దాని క్విక్‌స్టార్ట్ పుస్తకంలో ‘ది హాంటింగ్’ దొరుకుతుంది. తిన్నగా ఆ దెయ్యాల ఇంట్లోకే వెళ్లినా, ముందు పాత పత్రికలూ రికార్డులూ తిరగేసినా ఆట ఆగదు. ఈ రెండూ ఆడించాక డబ్బు పెట్టి కొనేది వీటికంటే ఎక్కువ ఏమిస్తోందని అడగడం తేలిక.

రివ్యూల్లో బొమ్మలు, కాగితం, బైండింగ్ గురించే మాట్లాడేవాళ్లని నమ్మకండి, పైన పటారం లోన లొటారం సరుకు చాలానే ఉంది. ‘మావాళ్లు మూడో గదిలో ఇరుక్కున్నారు, అక్కడ ఫలానా సమాచారం పుస్తకంలో దొరకలేదు’ అని రాసినవాళ్లు నిజంగా ఆడించినవాళ్లు. వాళ్లు తిట్టినా సరే, ఆ తిట్లలోంచి పుస్తకం ఎలాంటిదో తెలుస్తుంది.

ఇంకొకటి, పీడీఎఫ్ కొంటే మ్యాప్ రెండు రకాలుగా ఇచ్చారో లేదో ముందే చూసుకోండి: డీఎంకి అంకెలతో, రహస్య ద్వారాల గుర్తులతో ఒకటి, ఆటగాళ్లకి అవేమీ లేకుండా ఒకటి. రెండోది ఉంటే జిరాక్స్ షాపులో ఏ3 సైజులో తీయించి తిన్నగా టేబుల్ మీద పరిచేయొచ్చు. లేకపోతే ఆ గుర్తులన్నీ మీరే కూర్చుని చెరిపేయాలి, దానికి ఇంకో ఆదివారం.