దెయ్యం రాకముందే భయం ఎట్లా పుడుతుంది?

తెర మీద దెయ్యం ఇంకా కనపడకముందే మనకు భయం ఎందుకు వేస్తుంది, డైరెక్టర్ లైటింగుతో, సౌండుతో ఏం చేస్తాడు అని అడిగారు. నా జవాబు ఒక్కటే: తీసేస్తాడు. వెలుగు తీసేస్తాడు, చప్పుడు తీసేస్తాడు. ఇది భయానికే కాదు, దిగులుకూ ప్రేమకూ కూడా వర్తిస్తుంది.

మా చిన్నమ్మ కొడుకు షార్ట్ ఫిల్మ్ తీసినప్పుడు దీన్ని దగ్గరుండి చూశాను. పరకాల దగ్గర మా మేనమామ వాళ్ల పాత పెంకుటింట్లో షూటింగ్. కొడుకు కోసం రాత్రంతా ఎదురుచూసే ముసలమ్మ సీను. హన్మకొండ నుంచి కిరాయికి తెచ్చిన లైట్లన్నీ మొదట అర్రలోనే పెట్టారు. అంతా పెళ్లి వీడియోలాగా తళతళలాడింది. తమ్ముడు అన్నీ ఆర్పించి, ఒక్క లైటు మాత్రం బయట కిటికీ వెనక పెట్టించాడు. ఊచల నీడ గోడ మీద పడింది, ముసలమ్మ మొహం సగం చీకట్లోకి పోయింది. లోపల సాంబ్రాణి పొగ వేయిస్తే వెలుగు చారలు చారలుగా కనపడింది. పొగ విసిరింది నేనే. అదే అర్ర, అదే మనిషి, కానీ చూస్తుంటే కడుపులో ఏదో అయింది.

సౌండుకైతే ఇంకా కష్టపడ్డాం. పక్క చేనులో బోరు మోటరుకు ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు వస్తే చాలు దానంతటదే మొదలవుతుంది. ఆ రైతును బతిమాలి కాసేపు ఆపించాం. షాట్ అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఉత్త అర్ర చప్పుడు రికార్డు చేశాడు. "అన్నా, ఊపిరి కూడా మెల్లగ తీస్కో" అన్నాడు నాతో. ఆ రాత్రి పెరట్లో కూర్చొని కీచురాళ్లను కూడా రికార్డు చేసుకున్నాడు.

సీనులో మ్యూజిక్ లేదు. కీచురాళ్లు అరుస్తూనే ఉంటాయి, ఒక చోట టక్కున ఆగిపోతాయి. అంతే. ఇంట్లో టీవీలో వేసి చూపిస్తే అక్కడికి రాగానే అత్తమ్మ "ఎవరో వచ్చిండ్రు" అని మా దర్వాజ వైపు తిరిగింది. అడుగు దగ్గరపడితే కీచురాళ్లు నోరు మూస్తాయని ఊళ్లో పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పటి సినిమాల్లో ఈ ఓపిక ఏది? తలుపు తెరిస్తే ఢాం, పిల్లి దూకితే ఢాం. మిక్సింగులో సౌండు పెంచుతారు, గోల భరించలేక హాలువాళ్లు తగ్గిస్తారు, మధ్యలో మెల్లగా చెప్పిన మాటలు వినపడకుండా పోతాయి. పైగా బరాత్ డీజేలతో మన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. రాత్రి సీను అనగానే నీలం రంగు పులమడం ఇంకో రోగం. మన ఊళ్లలో రాత్రి నీలంగా ఎప్పుడుంది?

చీకటి, నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియాలంటే డైరెక్టర్ బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమా చూడండి, 1988 నాటిది. గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, దాసి బతుకు కథ, మాటలు చాలా తక్కువ. ఎ.కె. బీర్ కెమెరా పనికి, అర్చన నటనకు జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ గడీ గోడల మధ్య ఆమె నడుస్తుంటే దొర ఫ్రేములో లేకున్నా మనకు భయం వేస్తుంది. మన తెలంగాణ కథే, అయినా ఇక్కడి పిల్లల్లో చూసినవాళ్లు నాకు తగల్లేదు. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం కట్టారు కదా, ఒక సాయంత్రం లైట్లన్నీ ఆర్పి అక్కడ ఈ సినిమా వేయమనండి. ఫోన్లు మాత్రం బయటే పెట్టించాలి.