ఫారాలు బీరువాలోనే ఉన్నాయా?

అక్కా, ట్రైనింగ్ అయ్యాక కూడా మీ దేవరకొండ వైపు పీహెచ్‌సీలో పీహెచ్‌క్యూ-9 ఫారాలు (డిప్రెషన్ ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నలవి) బీరువా దాటలేదని, ఓపీ రద్దీలో ఎవరూ అడగట్లేదని రాశారు. వచ్చినవాళ్లందరినీ అడగాలనుకుంటే అది జరిగే పని కాదు. ముందు నెలనెలా బీపీ, షుగర్ గోలీలకొచ్చేవాళ్లతో మొదలుపెట్టండి. బీపీ చూస్తూనే మొదటి రెండు ప్రశ్నలు అడగండి: గత రెండు వారాల్లో పని మీద మనసు పోవట్లేదా, దిగులుగా ఉంటోందా? రెండు జవాబుల మార్కులూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తేనే మిగతా ఏడూ. మొత్తం 10, ఆపైన ఉంటే డాక్టర్ చూడాలి. ‘డిప్రెషన్’ అనే మాట ఎత్తకండి, ‘నాకేమన్నా పిచ్చా’ అని లేచిపోతారు.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తంతో పనిలేదు, అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపాలి. ఇంట్లో పురుగుల మందు ఎక్కడ పెడతారో కూడా అడగండి, మన పత్తి ఊళ్లలో ఇది తప్పదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి.

మీ దగ్గర సైకియాట్రిస్టు లేడనేది నిజమే. కానీ గోవా పీహెచ్‌సీల్లో మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగ్‌ల కౌన్సెలింగ్ చేయిస్తే డిప్రెషన్ తగ్గిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అక్కడి కౌన్సిలర్లు ఒకరి సిట్టింగ్ రికార్డింగ్ ఇంకొకరు విని మార్కులు వేసుకునేవారు. మన దగ్గర ట్రైనింగ్ తర్వాత ఎగరగొట్టేది సరిగ్గా ఇదే. దీనికోసం వారానికో అరగంట ఇవ్వమని మీ మెడికల్ ఆఫీసర్‌ను అడగండి.